ఒక్కరికి సరిపోయే మంచం

మా ఆయన వ్యాన్‌లో కట్టిన మంచం ఒక్కరికే సరిపోతుంది. ఆయన బజారుకు పోయినప్పుడు వ్యాన్ ఎక్కి జానతో కొలిచాను. నమ్మకం కుదరక మర్నాడు మళ్లీ కొలిచాను. నేను వెల్లకిలా పడుకుంటే పక్కన ఒక దిండు పడుతుంది, అంతే. మా ఆయన దిండంత మనిషి కాదు, బీరువా అంత మనిషి.

అప్పటికి ఆయన రిటైర్మెంట్ దగ్గర పడింది. కొత్తగూడెంలో బొగ్గుబాయి కొలువు అయిపోతే దానితోపాటు క్వార్టరూ ఖాళీ చేయాలి. కొందరు సత్తుపల్లిలోనో ఖమ్మంలోనో ముందే ఇల్లు కట్టుకుంటారు, కొందరు పిల్లల దగ్గరికి పోతారు. మాకు ఇల్లు లేదు. ఉన్నది ఒక్క కూతురు, హైదరాబాద్‌లో రెండు గదుల్లో కిరాయికి ఉంటుంది. ఇల్లు సంగతి తర్వాత చూద్దాం, ముందు నాలుగూళ్లు తిరిగొద్దాం అంటూ మా ఆయన సత్తుపల్లి నుంచి ఒక పాత స్కూల్ వ్యాన్ తెచ్చి క్వార్టర్ ముందు పెట్టాడు. ఎవరో భార్యాభర్తలు వ్యాన్‌నే ఇల్లు చేసుకుని, అందులోనే వండుకుంటూ పడుకుంటూ దేశమంతా తిరుగుతున్న వీడియోలు ఫోన్లో చూశాడట. భార్యాభర్తలు అని తన నోటితోనే అన్నాడు. ఆ మాట నేను గట్టిగా గుర్తు పెట్టుకున్నాను.

సీట్లన్నీ పీకేశాక వ్యాన్ లోపల మా వంటింటికంటే పెద్దగా కనిపించింది. అందులోకి ఒక్కొక్కటే సామాను చేరుతుంటే నా మనసు చిన్నబోతూ వచ్చింది. గ్యాస్ పొయ్యి తెచ్చాడు, ఒకటే బర్నర్. దోమతెర తెచ్చాడు, ఒంటి మంచానిది. ఫ్యాన్ బిగించాడు, అది మంచం వైపు తప్ప ఇంకెటూ తిరగదు. ఏం అడిగినా జాగ లేదనేవాడు. మంచం సంగతి మాత్రం నేను అడగలేదు. నువ్వు బిడ్డ దగ్గర ఉండు, నేనొక్కణ్ణే తిరిగొస్తా అంటాడేమోనని భయం. అడగనంత కాలం ఆ మాట బయటికి రాదు కదా అనుకున్నాను.

పక్క క్వార్టర్ ఆమెకు నాకంటే ఎక్కువ అనుమానాలు. మేము మొబైల్ టిఫిన్ సెంటర్ పెడుతున్నామని ఆమె నమ్మకం. దోసె ఎంతకమ్ముతారు వదినా అని గోడ మీది నుంచి అడిగేది. ఆమెకు జవాబు చెప్పడం తేలిక. నాకు నేను చెప్పుకోవడమే కష్టంగా ఉండేది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఏనాడూ గదిలో పడుకున్నది లేదు. ఎండాకాలం క్వార్టర్లలో అందరూ బయటే మంచాలు వేసుకుంటారు. మా ఆయన చలికాలం కూడా వాకిట్లోనే, వానొస్తే అరుగు మీద. లోపల గాలాడదనేవాడు. మొదట్లో నిజమే కాబోలనుకున్నాను. తర్వాత తర్వాత, నేనున్న చోటే ఆయనకు గాలాడదేమో అని మనసులో పడింది. అది ఒకసారి పడితే ఊరికే పోయే రకం కాదు.

ఒకరోజు నన్ను పిలిచి మంచం చెక్క మీద కూర్చోమన్నాడు. నిటారుగా కూర్చో, కొప్పు విప్పు అన్నాడు. నా నడినెత్తి ఎంతవరకు వచ్చిందో కర్ర పెట్టి చూసి వ్యాన్ గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాడు. తనంతట తాను కొలుచుకోలేడు కాబట్టి నన్ను దర్జీ కొట్టు బొమ్మలా కూర్చోబెట్టాడని నాకు ఒళ్లు మండింది. ఆ మధ్యాహ్నం కూరలో ఉప్పు వేయలేదు. ఆయన మాట్లాడకుండా తిని లేచాడు. తప్పు చేసినవాడే ఇట్లా మాట్లాడకుండా తింటాడని అనుకున్నాను.

ఆ వారంలోనే మా అమ్మాయికి ఫోన్ చేసి, మీ అమ్మ మీ ఇంట్లో ఎన్నాళ్లుంటే నీకు ఇబ్బంది కాదు అని అడిగాడట. వ్యాన్ కప్పు పని ఉంది, అన్ని రోజులు రేకుల చప్పుడు మీ అమ్మకు పడదు అని చెప్పాడట. మా అమ్మాయి నాకు చెప్పినప్పుడు నేను మొదటి సగమే విన్నాను. రెండో సగం సాకు కింద కట్టేశాను, హైదరాబాద్ పోనేలేదు.

ఇక కప్పు పని మొదలైంది. అందరూ వ్యాన్‌కు కప్పు లోపల థర్మాకోల్ వేసి సన్న ప్లైవుడ్ కొడతారు. మా ఆయన జామాయిలు పలకలు తెచ్చాడు. బాయిలో ఆయన పనే కప్పు చూసే పని. బొగ్గు తవ్విన చోట పైకప్పును రాడ్‌తో కొట్టి వినాలి. గట్టి చప్పుడొస్తే మనుషులు కిందికి పోవచ్చు, డొల్ల చప్పుడొస్తే గుంజలు నిలబెట్టి కట్టెలు కుక్కాలి. వ్యాన్ కప్పు రేకు. రేకును ఎక్కడ కొట్టినా డొల్లగానే మోగుతుంది. ఆయన కొడతాడు, వింటాడు, తల అడ్డంగా ఊపి ఇంకో పలక కుక్కుతాడు. మూలల్లో గుంజలు కూడా లేచాయి. కప్పు అట్లా కిందికి దిగుతూ దిగుతూ నా నెత్తికి గీసిన గీత దాకా వచ్చి ఆగింది. ఆ మంచం మీద ఆయన కూర్చుంటే మెడ వంచాలి. అప్పుడైనా నాకు తట్టాలి. తట్టలేదు. గుంజలు పెట్టి, ఇంకో మంచానికి జాగ లేకుండా కావాలనే చేశాడన్న కోపంలో ఉన్నాను.

ఒక ఆదివారం బండిని పరీక్షించి వద్దామన్నాడు. సారపాక మీదుగా గోదావరి బ్రిడ్జి దాటి, భద్రాచలం అవతల అడవి అంచు దాకా పోయాం. దారి పొడవునా నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. ఒక వాగు పక్కన ఆపి, ఆ ఒంటి బర్నర్ మీదే అన్నం, టమాటా పప్పు వండాను. పప్పు బాగుందన్నాడు. అది కూడా నాకు అనుమానంగానే తోచింది, ఆయన మెచ్చుకునే మనిషి కాదు.

తిరిగొచ్చేటప్పుడు బ్రిడ్జి ఎక్కకముందే పోలీసులు ఆపారు. ఆ దారిలో గంజాయి కోసం బండ్లు చూడటం మామూలే. మంచం కింది డబ్బాలు తీశారు, బియ్యం కెలికి చూశారు. ఒక కానిస్టేబుల్ లాఠీతో గోడలు కొట్టుకుంటూ వచ్చి కప్పును కొట్టాడు. చప్పుడు గట్టిగా వచ్చింది. మళ్లీ కొట్టాడు. లోపల ఏదో దట్టంగా కూరారని అరిచి ఎస్సైని పిలిచాడు. మా ఆయన బాయి లెక్కలో మంచి కప్పు, వాళ్ల లెక్కలో దొంగ కప్పు. ఒక పలక ఊడబీకారు. దాని వెనక పలక, దాని వెనక ఇంకో పలక. పలకలు తప్ప ఏమీ దొరకకపోవడంతో ఎస్సైకి అనుమానం ఇంకా పెరిగింది. ఇందులో ఎందరు పడుకుంటారని అడిగాడు.

"ఒక్కరే సార్" అన్నాడు మా ఆయన.

ఇన్ని నెలలు నేను గొంతులో ఉంచుకున్న ప్రశ్న ఆ పోలీసాయన వచ్చి నిమిషం కాకముందే అడిగేశాడు. నేను రోడ్డు మీద నిలబడి కొంగు నలుపుతున్నాను.

"ఎవరు పడుకుంటరు?"

"మా ఇంటామె సార్. నేను బయట పండుకుంట. కప్పు కింద నాకు నిద్ర రాదు."

"కప్పు కింద పడుకోనోనివి, కప్పుకు గింత కట్టె ఎందుకు కుక్కినవ్?"

మా ఆయన ఊడిన పలక వైపు చూశాడు, నా వైపు చూడలేదు. "మా పెండ్లి కాకముందు, వేరే ఊరి బాయిల కప్పు కూలింది సార్. నేను, నా జోడీదారు దాని కింద చిక్కుకున్నం. నన్ను తీసేసరికి ఆయన పోయిండు. చానాసేపు నాతోని మాట్లాడిండు. ఆ కప్పు కొట్టి చూసింది నేనే. మంచిగుంది రా అని పిలిచింది నేనే. ఇప్పుడు గామె పండుకునే కప్పు డొల్లగ మోగితే నాకు పానం ఆగదు సార్."

ఎస్సై ఊడిన పలకను తిప్పి చూశాడు. గంజాయి బండ్ల వాళ్లు ఇంతకంటే మంచి కథలు చెప్పి ఉంటారు. నా వైపు తిరిగి, నిజమేనా అమ్మా, నీకు తెలుసా అని అడిగాడు.

నాకు జాలి కలగలేదు. ముందు కోపమే వచ్చింది. ముప్పై ఏళ్లు నాకు చెప్పని మాట దారిన పోయే ఎస్సైకి చెప్తాడా. ఆ కోపంలోనే, ఇది కూడా తప్పించుకోవడానికి అల్లిన కథేమో అన్న పాడు ఆలోచన కూడా వచ్చింది. అప్పుడు ఆయన్ని చూశాను. పగటి వెలుగులో, రోడ్డు నడుమ నిలబడి, తలకు ఏదో తగులుతుందన్నట్టు మెడ వంచుకుని ఉన్నాడు. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

"తెలుసు సార్" అన్నాను. "పెండ్లయిన కొత్తల్నే చెప్పిండు."

వదిలేశారు. బియ్యం, డబ్బాలు ఇద్దరం కలిసే లోపల సర్దాం. ఊడబీకిన పలకను ఆయన చేతిలో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తోచనట్టు నిలబడ్డాడు. నేను తీసుకుని మంచం మీద పడేసి ముందు సీట్లో కూర్చున్నాను. ఆయన వచ్చి స్టీరింగ్ పట్టుకున్నాడు కానీ తాళం తిప్పలేదు.

"నీకు తెల్వది గద" అన్నాడు.

"ఇప్పుడు తెలిసింది గద. బండి తియ్యి."