రెండు గొట్టాలకీ సమానంగా

ధాన్యం గోదాములో తూకం వేస్తూనే ఆయన జుట్టు నెరిసింది. తక్కెడ ముల్లు నడుమ నిలిచేదాకా ఊపిరి కూడా గట్టిగా తీసుకోడని తోటివాళ్ళు నవ్వుకునేవారు. బంధువులకి ఆయన తక్కెడ మామయ్య. వెటకారానికి పెట్టిన ఆ పేరును ఆయన బిరుదులా మోశాడు. రొట్టె ముక్కయినా, దుప్పటయినా ఇంట్లో ఏది పంచినా చెరిసగం. ఎవరికి ఆకలి ఎక్కువగా ఉందో అడగడం ఆయనకి అలవాటు లేదు. "మీ న్యాయంతో ఎవరి కడుపూ నిండదు" అనేది భార్య. అది కూడా పొగడ్తే అనుకునేవాడు మహానుభావుడు.

పని మానేశాక పెరట్లో చిన్న కొలను తవ్వించాడు. కోరిక మాత్రం భార్యది. పక్షవాతం వచ్చి ఆమెకి ఒక పక్క పడిపోయింది. మంచం పెరటి గదిలోనే ఉన్నా కిటికీ తలవైపు ఉండటంతో బయట ఏమీ కనబడదు.

"చూడలేకపోతే పోయె. నీళ్ళు పడే చప్పుడు వింటూ పడుంటాను" అంది.

నోరు తెరిచి ఏదీ అడగని మనిషి, కాపురానికొచ్చాక అడిగిందల్లా అదొక్కటే. ఆయన వెంటనే రాళ్ళు తెప్పించి, మెట్లుగా పేర్చి, పైనించి నీళ్ళు దూకేలా జలపాతం కట్టించాడు.

ఇంతలో కొడుకు రంగురంగుల చేపలు తెచ్చి కొలనులో వదిలాడు. చేపలున్నచోట ఫిల్టరు లేకపోతే కుదరదు. పక్కనే ఒక డ్రమ్ము పెట్టి, లోపల స్పాంజీలూ గులకరాళ్ళూ నింపారు. మురికి నీళ్ళు అందులోకి ఎక్కి, శుభ్రపడి మళ్ళీ కొలనులో పడాలి. పంపు ఒక్కటే. దాని గొట్టం రెండుగా చీలి ఒకటి ఫిల్టరుకీ, ఒకటి జలపాతానికీ పోతుంది. ఒక్కోదానికి ఒక్కో వాల్వు.

పంపు బిగించిన మెకానిక్ కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. "బాబాయ్, ఇది రెంటికీ చాలదు. జలపాతానికి ఇంకో పంపు పెట్టించండి."

పెట్టించలేక కాదు. రెండు పంపులుంటే ఇక పంచడానికేముంది? "పంచడం నాకు నేర్పుతున్నావా?" అని అతన్ని పంపించేశాడు. రెండు గొట్టాల కిందా రెండు బకెట్లు పెట్టి, అవి ఒక్కసారే నిండేదాకా వాల్వులు అటూ ఇటూ తిప్పాడు. ఆ పైన ఎవరూ ముట్టుకోకుండా తీగతో బిగించి కట్టాడు. ఆ రోజు ఆయన మొహం చూడాలి, ఏదో రాజ్యం పంచి ఇచ్చినట్టు.

కానీ ఆ వెడల్పాటి రాతి అంచు మీంచి దూకాలంటే నీళ్ళు దండిగా రావాలి. సగం నీళ్ళు దూకలేదు. రాయిని కరుచుకుని, చెమటలా కిందికి జారాయి. పక్కనే నిలబడితే సన్నగా గలగల వినబడేది. పక్కన నిలబడింది తాననీ, మంచంలో ఉన్నది ఆమె అనీ ఆయన తలకెక్కలేదు. రోజూ పొద్దున్నే గది గుమ్మంలోంచి అడిగేవాడు.

"వినిపిస్తోందా?"

"ఆఁ, వినిపిస్తోంది."

ఆ మాటతో ఆయన రోజంతా హాయిగా తిరిగేవాడు.

ఎండలు ముదిరాయి. కొలనులో నీళ్ళు ఆకుపచ్చగా చిక్కబడ్డాయి. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి.

"నాన్నా, ఫిల్టరుకి నీళ్ళు చాలట్లేదు. కొన్నాళ్ళు మొత్తం ఇటు తిప్పుదాం. అమ్మకి నేను చెప్తాను" అన్నాడు కొడుకు.

"మీ అమ్మ వాటా నీకెలా ఇస్తాన్రా? రేపు వచ్చి నిలదీస్తే ఏం చెప్పను?"

"అమ్మ ఎక్కడికొస్తుంది నాన్నా?"

ఆయన తీగ విప్పలేదు. న్యాయంగా ఉన్నవాడికి భయమెందుకని ఆయన ధీమా. ఆ ధీమాకి చేపలు బలైపోయాయి. ఒక పొద్దున అన్నీ వెల్లకిలా తేలాయి.

కొడుకు వలగరిటెతో ఒక్కొక్కదాన్నీ తీసి గట్టు మీద పెట్టాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి. కొడుకు పటకారతో తీగ తెంపి, ఫిల్టరు వాల్వు మూసి, రెండోది పూర్తిగా తిప్పేశాడు.

"ఇప్పుడు పంచు, ఏం పంచుతావో."

నీళ్ళు ఒక్కసారిగా అంచు దాటి, రాళ్ళ మీద హోరుమంటూ దూకాయి. గదిలోంచి ఆమె గొంతు వినబడింది.

"ఏమండీ! వాన పడుతోందా? దండెం మీద బట్టలు తడిసిపోతాయి!"

ఆయన గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఎండ ఆయన వీపు మీదే ఉంది.

"వాన కాదు. జలపాతం."

ఆమె కాసేపు విన్నది. పెదవి బాగున్న వైపు కొంచెం నవ్వు వచ్చింది.

"ఇలా ఉంటుందా!"

"మరి ఇన్నాళ్ళూ వినిపిస్తోందన్నావే?"

"లేదంటే ఏం చేసేవారు? మళ్ళీ కొలిచి, సమానంగానే ఉందని నాకు నిరూపించేవారు."

సిగ్గుతో ఆయన తల దించుకున్నాడు.

"చాల్లెండి, విన్నాగా" అంది ఆమె. "కాస్త తగ్గించి వాటికి కూడా వదలండి. పాపం, పిల్లాడి చేపలు."

అలాగేనన్నాడు.