నిద్రలేని మనిషి సంతకం

మా హెడ్ సిస్టర్ గారు పోయారని మొన్న ఉదయం డ్యూటీలోకి వస్తుండగా తెలిసింది. గుండెపోటట. రిటైరై నాలుగేళ్లయినా, ఏ కష్టమొచ్చినా మేం ముందు ఫోన్ చేసేది ఆవిడకే. పిల్లల వార్డులో ఒక్కో మంచం మీద ఇద్దరేసి ఉన్నారు. కూర్చుని ఏడ్చే వీలెక్కడిది? మందుల ట్రే పట్టుకునే ఏడ్చాను.

ఆవిడ దగ్గర పనిచేసిన వాళ్లందరికీ ఒక పద్ధతి అలవాటైంది. ఇంజెక్షన్ కలిపే ముందు సీసా మీది పేరు పైకి చదవాలి. పక్కనున్న నర్సు అది విని, సీసా చూసి, ఊఁ అనాలి. "కళ్లు అలిసిపోతే అబద్ధం చెబుతాయమ్మా" అనేవారు. కొత్తవాళ్లు చాటుగా నవ్వుకునేవారు. నేనూ నవ్వాను.

గోదావరి వరదకి లంకల్లోని జనాన్ని ఖాళీ చేయించిన ఏడాది వార్డు నిండా జ్వరాలు. నలుగురి పని ఇద్దరం చేస్తున్నాం. ఒక రోజు నాకు వరసగా మూడో డ్యూటీ. ఆ ఉదయం చేపలు పట్టుకునేవాళ్ల పాపకి పొడి మందు కలపబోతూ "డిస్టిల్డ్ వాటర్" అని పైకి చదివాను. ఎదురుగా ఉన్న హెడ్ సిస్టర్ గారు ఊఁ అనలేదు. నా మణికట్టు పట్టుకున్నారు.

"మళ్లీ చదువు."

"డిస్టిల్డ్ వాటరేనండి."

"సీసా చూసి చదువమ్మా."

చూశాను. పొటాషియం క్లోరైడ్. అది ఆ సిరంజితో నేరుగా నరంలోకి వెళితే పాప గుండె ఆగిపోయేది. "ఏంటండి, సూది వెయ్యరా?" అని తల్లి అడుగుతోంది.

సిస్టర్ గారే సరిగ్గా కలిపి ఇంజెక్షన్ చేశారు. తరవాత రిజిస్టరులో జరిగింది జరిగినట్టు రాసి, కారణం దగ్గర "వరసగా మూడు డ్యూటీలు వేసింది నేను" అని సంతకం పెట్టారు. అందుకు ఆవిడకి మెమో వచ్చింది. ఇకమీద ఎవరికీ వరస డ్యూటీలు వెయ్యనని తిరిగి రాసిచ్చారు. "ఓపిక పట్టాలి, ఓపిక పట్టాలి అంటారండి. అదేమన్నా కుళాయి నీళ్లా, తిప్పగానే రావడానికి?" అని పై అధికారి మొహం మీదే అనేశారు.

సీసా పొరపాటు జరిగిన రోజే నేను రాజీనామా రాశాను. "నిద్రలేని మనిషి సంతకం చెల్లదు. ముందు పడుకో" అని సిస్టర్ గారు నిడదవోలులో తన ఇంటికి తీసుకెళ్లారు. సాయంత్రం దాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. మధ్యలో ఒకసారి మెలకువ వస్తే తలుపు బయట ఆసుపత్రి వాళ్లతో ఫోన్‌లో ఆవిడ గొంతు: "ఆ అమ్మాయి రాదండి. కావాలంటే నేనొస్తాను." అందర్నీ పడుకోబెట్టిన మనిషి తానెప్పుడు పడుకున్నారో మాలో ఒక్కరమూ అడగలేదు. ఆ కోపం నా మీద నాకు ఇంకా తీరలేదు.

ఆ రాజీనామా కాగితం నేను ఇవ్వనేలేదు. లేచాక ఆవిడ అన్నం పెట్టారు. "నేనిక సిరంజి పట్టుకోలేనండి" అన్నాను.

"పట్టుకుంటావు. ఆ పాప బతికే ఉందిగా."

చారు వడ్డించబోతూ, నా వైపు చూడకుండా అన్నారు: "నా చేతిలో పోయిన పిల్లాడికి మూడేళ్లమ్మా. నాకప్పుడు వరసగా నాలుగో డ్యూటీ. నా చెయ్యి పట్టుకునేవాళ్లు లేకపోయారు."

గరిటె అలాగే ఆగిపోయింది. చారు చుక్కచుక్కగా నా అన్నంలో పడుతూనే ఉంది.