లస్మయ్య చెవుడు

మగ్గాల పనికి వలసవెళ్ళిన తెలుగువాళ్ళుండే గుజరాతీ పేట గోడాదరాలో లస్మయ్య గురించి మూడు మాటలు ప్రచారంలో ఉండేవి. మగ్గాల చప్పుడుకు చెవులు పోయాయని ఒకటి. వినబడినా బుర్రకెక్కదని రెండోది. అధికారులను విసిగించడం అతనికి కాలక్షేపమని మూడోది. మూడూ తప్పే. అయితే ఏ సంగతైనా మూడుసార్లు చెప్పించుకోనిదే వదలడన్నది నిజం. మాస్కు పెట్టుకోమన్నవాడి చేత మూడుసార్లు ఆ మాటే చెప్పించి, చివరికి "మరి నీదేది?" అని అడిగిన మనిషి.

2021 మే నెల. తుపాను వస్తోందని మురుగు కాలువ పక్కనున్న రేకుల ఇళ్ళకు కార్పొరేషన్ సాహెబూ, కరెంటు ఇంజనీరూ వచ్చారు. నర్సు పద్మారాణి వీధి చివర జ్వరాలు చూస్తోంది. సాహెబు గుజరాతీలో గడగడా చెప్పేశాడు. అరవై కుటుంబాలూ "హా సాహెబ్" అంటూ తలూపాయి. ముసలి భూదేవి అందరికన్నా గట్టిగా ఊపింది.

లస్మయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. "సాబ్, బహరా హూఁ. హిందీ మే బోలో." చెవిటివాణ్ణి, హిందీలో చెప్పమన్నాడు.

సాహెబు హిందీలో చెప్పాడు. లస్మయ్య దాన్ని తెలుగులో వీధంతా వినబడేలా అరిచాడు. "ఇయ్యాల రాత్రి ఏడింటికి బస్సొస్తదట! మూలమీది బడికి తీస్కపోతరట!"

"ఏ బడి కాకా?" పద్మారాణి పరుగెత్తుకొచ్చింది. "అండ్ల నిన్ననే కరోనా మంచాలేసినం!"

సాహెబు కాగితంలో ఆ బడి ఖాళీ. లస్మయ్య మూడోసారి చెప్పించాడు. ఈసారి ఉలిక్కిపడింది ఇంజనీరు: కరెంటు ఆరింటికే తీసేస్తున్నారు. ఏడింటికి ముసలివాళ్ళు చీకట్లో బస్సెక్కాలి.

ఒకే వీధిలో నిలబడిన మూడు కార్యాలయాలు అప్పుడు మొదటిసారి ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. పావుగంటలో బడి కాస్తా పెళ్ళిళ్ళ హాలయింది, ఏడు కాస్తా నాలుగయింది.

ఆ రాత్రి గాలికి పదకొండు ఇళ్ళ రేకులు లేచిపోయాయి. కింద మనుషులెవరూ లేరు.

మర్నాడు హాల్లో పద్మారాణి పక్కవాళ్ళతో గుసగుసలాడింది. "కిచిడీల ఉప్పే లేదు."

పదడుగుల దూరంలో, అటు తిరిగి తింటున్న లస్మయ్య అన్నాడు. "నిజమే బిడ్డా, కారం గూడ లేదు."

"కాకా! నీకు చెవుడు లేదా?"

"లొల్లి చెయ్యకు. భూదేవక్కకు గుజరాతీ సమజ్ గాదు, తలూపుతది. మళ్ళా అడుగుమంటే ఇజ్జత్ పోతదంటది. నా ఇజ్జత్ ఎప్పుడో పాయె, ఇంకోపారి పోతే ఏంది?"

అంతలో సాహెబు తిరుగు బస్సుల సంగతి గుజరాతీలో అందుకున్నాడు. భూదేవి తలూపింది. లస్మయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టాడు.

సాక్ష్యాలన్నీ చూశాక చెప్పవలసింది ఇంతే. లస్మయ్యకు చెవులు బాగానే వినబడేవి. అడగడానికి సిగ్గుపడేవాళ్ళ తరఫున అతడు మళ్ళీ అడిగాడు. అరవై కుటుంబాలూ వెలుతురుండగానే సరైన చోటికి చేరాయి.