కదలని కొలత

మా అన్నయ్య సముద్రంలో చేపల వేట మానేసి ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి కుదిరిన ఏడాదే నేను సీతమ్మధారలో ఓ చిన్న కంపెనీలో చేరాను. ఫ్యాక్టరీలు పంపే కొలతలను పట్టికలుగా పేర్చి రిపోర్టులు తయారుచేయడం మా పని. అన్నయ్య ఫ్యాక్టరీ రిపోర్టులూ నా దగ్గరికే వచ్చేవి. జాలరిపేటలో మా అమ్మ చేపల గంప దించుతూ అందరికీ గొప్పగా చెప్పేది: "మా పిల్ల ఆపీసులో కూకునే ఆళ్లన్నని కాసుకుంటాది."

ఒకరోజు మధ్యాహ్నం అన్నయ్య ఫ్యాక్టరీలో గాలిలోని గ్యాస్‌ను కొలిచే మీటర్ల పట్టిక తెరిచాను. ఒక్కో మీటరుకు ఒక్కో కాలమ్. మామూలుగా సగటు తీసి పంపేసేవాళ్లం. సగటులెప్పుడూ హద్దులోనే ఉండేవి. ఆ వారమే కోడ్‌లో వాడే కొత్త ఫంక్షన్ ఒకటి నేర్చుకున్నాను. పట్టిక మొత్తం దానికి అప్పగిస్తే, ప్రతి కాలమ్‌లో ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో బొమ్మగీసి చూపిస్తుంది. ఊరికే నడిపి చూశాను.

తెరనిండా చిన్న బొమ్మలు. అన్నిట్లో కడ్డీలు పొడుగూ పొట్టీగా ఉన్నాయి. ఒక్కదాంట్లో మాత్రం ఒకే కడ్డీ. నా కోడ్‌లో తప్పేమోనని మళ్లీ నడిపాను. మారలేదు. కాలమ్ తెరిస్తే పైనుంచి కిందిదాకా ఒకటే అంకె. గాలిలో గ్యాస్ ఇన్ని వారాలు ఇసుమంతైనా మారకుండా ఉండదు. మీటరు పాడైపోయి, అంతా బాగుందని చెబుతోంది.

కాలమ్ పేరు చదివాను. అది ఫ్యాక్టరీ కింద గ్యాస్ పైపులు వెళ్లే సొరంగంలోని మీటరు. "ఇయ్యాల సొరంగంలో పని" అని పొద్దున్నే చెప్పి వెళ్లాడు అన్నయ్య. అక్కడి గ్యాస్ పీలిస్తే ప్రాణం పోతుంది, దానికి వాసన కూడా ఉండదు.

ఫోన్ చేశాను. అందుబాటులో లేదంది. అక్కడి సేఫ్టీ ఆఫీసరుకు చేశాను.

"ఆ మీటరు ఎప్పుడూ హద్దు దాటదు కదమ్మా," అన్నాడాయన.

"దాటకపోవడం కాదు సార్, అసలు కదలట్లేదు. ముందు లోపలివాళ్లని బయటికి పిలిపించండి."

మా అన్నయ్య ఉన్నాడని చెప్పలేదు. సొంతమనిషి కోసం కంగారుపడుతోందని కొట్టిపారేస్తాడేమోనని భయం. "చూస్తాను" అని పెట్టేశాడు.

అన్నయ్య వేటకెళ్లే రోజుల్లో గాలి లేస్తే ఒడ్డుకెళ్లి సముద్రాన్నైనా చూసేదాన్ని. ఇక్కడ చూడ్డానికేమీ లేదు. పక్క సీటు అమ్మాయి ఇచ్చిన మంచినీళ్లు పక్కన పెట్టి, అన్నయ్యకు మళ్లీ మళ్లీ ఫోన్ చేశాను. మధ్యమధ్యలో ఆ ఫంక్షన్‌నే నడుపుతూ కూర్చున్నాను.

చాలాసేపటికి అన్నయ్యే ఫోన్ చేశాడు. మాట ముద్దగా ఉంది. "ఏటే, అన్ని మాట్లు సేసినావు? మాయందర్నీ పైకి రమ్మన్నారు. ఒకడు మెట్ల కాడ పడిపోనాడు, మోసుకొచ్చినాం. ఇప్పుడు కళ్లు తెరిసినాడు."

"నీకెలగుంది?"

"తల తిరగతంది. పొద్దుట్నుంచీ తలనొప్పే. ఎండకనుకున్నాను."

"ఎక్కడికీ కదలకు. నాను వత్తన్నాను."

ఆసుపత్రిలో అన్నయ్యకూ, ఆ పడిపోయినాయనకూ ముక్కులకు గొట్టాలు పెట్టి ఆక్సిజన్ ఇస్తున్నారు. చేత్తో పట్టుకునే మీటరుతో చూస్తే సొరంగం నిండా గ్యాసేనట. ఇంకాస్సేపు ఉండుంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పబోయాడు. వద్దన్నాను.

పాత మీటరు మార్చారు. అన్నయ్య మళ్లీ పనికి వెళ్లాడు. వెళ్లొద్దని నేను పోట్లాడితే, "మరేటి సెయ్యమంటావే?" అన్నాడు నెమ్మదిగా. క్యారేజీ కట్టి ఇచ్చాను.