మెరక వీధికి ముందు నీళ్ళు

మా ఆయన పంచాయతీలో నీళ్ళు వదిలే మనిషి. ఊళ్ళో అందరూ ఆయన్ని వాల్వు అనే పిలుస్తారు. సొంత పేరు జీతం ఇచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఆ లెక్కన నేను వాల్వు పెళ్ళాన్ని. నా నోరు తెరుచుకుంటే ఓ పట్టాన మూతపడదని, దానికీ ఒక వాల్వు పెట్టించాలని మా వదిన వేళాకోళం చేసేది.

వదిన అంటే ఆయన అక్క. తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. భర్త పోయాక మెరక వీధిలో చివరింట్లో ఒక్కతే ఉండేది. మా ఇంటికి వచ్చి ఉండమంటే, "నీ నోటికీ నా చెవులకీ పడదమ్మాయ్, దూరంగా ఉంటేనే ముద్దు" అనేది. మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ వీధికి కుళాయిలైతే వేశారు గానీ నీళ్ళే ఎక్కేవి కావు. ట్యాంకు కింది వీధులవాళ్ళు పట్టుకునేసరికి మెరక మీద కుళాయి గాలి ఊదేది. తమ్ముడు ఊరంతటికీ నీళ్ళు వదులుతుంటే అక్క బిందె చంకన పెట్టుకుని పల్లంలో ఉన్న బోరింగుకు నడిచేది.

ఒకసారి పక్క పంచాయతీలో పనులెలా జరుగుతున్నాయో చూసి నేర్చుకు రమ్మని మావాళ్ళని వ్యానులో పంపారు. మిగతావాళ్ళు భోజనం బాగుందని చెప్పుకుంటూ తిరిగొచ్చారు. మా ఆయన మాత్రం అక్కడ నీళ్ళు వదిలే ముసలాయన వెనకాలే తిరిగి ఒక్క మాట పట్టుకొచ్చాడు.

"ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే మెరకకి వదిలెయ్ తమ్ముడూ. పల్లానికేముంది, అడుగున మిగిలిన నీళ్ళయినా వాటంతటవే పోతాయి" అన్నాడట.

ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళూ మన ఊళ్ళో ఎవరికీ తట్టలేదేమిటని ముక్కున వేలేసుకున్నాను. మర్నాడే ఆయన ముందు మెరక వాల్వు తిప్పాడు. మాకు ఆలస్యమైందంటూ కింది వీధివాళ్ళు ఆఫీసు మీదకొచ్చారు. ప్రెసిడెంటు ఆ ఒక్కసారి గట్టిగా నిలబడ్డాడు. వదిన బిందె నిండి పొర్లుతుంటే, కుళాయి కట్టెయ్యడం కూడా మరిచిపోయి చూస్తూ నిలబడింది.

"ఒరేయ్, ఇక ఆ బోరింగు మొహం చూడక్కర్లేదురా" అంది తమ్ముడితో. ఆ రోజు అన్నం తింటూ ఆయన తనలో తనే నవ్వుకున్నాడు.

సంగతి పాకింది. వేరే పంచాయతీలవాళ్ళు మా దగ్గర నేర్చుకోవడానికి రావడం మొదలుపెట్టారు. అక్కడే వచ్చింది చావు. వాళ్ళు వచ్చేది పొద్దున్నే, చూసేది ఆఫీసు వీధి. "వచ్చినవాళ్ళకి ఎండిన కుళాయి చూపిస్తామా? ఇవాళ్టికి ముందు ఇటు వదులు" అన్నాడు ప్రెసిడెంటు. ఆ 'ఇవాళ' మొదట్లో నెలకోసారి వచ్చేది, పోను పోను వారంలో రెండుసార్లు రాసాగింది. మెరకకు ముందు నీళ్ళెలా ఇవ్వాలో మా ఆయన ఆఫీసు కుళాయి పక్కన నిలబడి వివరించేవాడు. ఆ వేళకు మెరక మీద చుక్క ఉండేది కాదు.

నాకు ఒళ్ళు మండేది. "మీ అక్క మళ్ళీ బోరింగుకి పోతోంది, తెలుసా మీకు?"

"తెలుసు. ఉద్యోగం ఉండాలా వద్దా? ఒక్క పూటేగా."

"ఆవిడ మోకాళ్ళకి ఆ పూట సెలవిచ్చారా?"

ఆయన వాల్వు తిప్పే రాడ్డు భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. వదినతో అంటే, "వాడి పని వాడిది, నువ్వు ఊరుకో" అని నన్నే కసిరేది.

ఒకరోజు దూరపు పంచాయతీ నుంచి వచ్చినవాళ్ళలో ఒకామె ఉంది. వాళ్ళ ఊళ్ళో నీళ్ళు వదిలేది ఆమేనట. టీలు ఇవ్వడానికి పిలిస్తే నేనూ అక్కడే ఉన్నాను. "అన్నా, ఆ చివరిల్లు చూపించండి. మా ఊళ్ళో బాధంతా అదే" అంది మా ఆయనతో. టీ చల్లారిపోతుందని ప్రెసిడెంటు అడ్డు తగిలాడు. ఆమె వినలేదు. మా ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. అందరం మెరకెక్కాం.

వదిన గుమ్మంలో కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటోంది. పక్కన అప్పుడే మోసుకొచ్చిన బిందె. కుళాయి కింద నేల పొడిగా ఉంది. తమ్ముడి మొహం వైపు ఒకసారి చూసింది.

"నీళ్ళొస్తున్నాయా పెద్దమ్మా?" అని అడిగిందామె.

"రాకేం తల్లీ. పొద్దున్నే ముందు మాకే వదుల్తాడు. ఇందాకే ఆగాయి. ఇదిగో, బిందె నిండా పట్టాను. తాగి చూడండి."

నేను నోరు తెరవబోయాను. వదిన ఒక్క చూపుతో మూయించింది. ఎండలో ఎక్కొచ్చారు కదా, అందరూ తలో గ్లాసూ తాగారు. ప్రెసిడెంటు రెండు తాగాడు. మా ఆయన ఒక్కడే తాగలేదు.

బిందె ఖాళీ అయింది. నేను తెస్తానంటే వదిన ఇవ్వలేదు. "వాళ్ళ వెంట వెళ్ళు, టీ గ్లాసులు కడగొద్దూ? నేను మెల్లగా తెచ్చుకుంటాలే" అంది. సాయంత్రం బోరింగు దగ్గర పడిపోయిందని కబురొచ్చింది. తుంటి ఎముక విరిగింది. ఎన్నిసార్లు పిలిచినా రాని మనిషిని మంచం మీద మా ఇంటికి తెచ్చుకున్నాం.

ఆవిడ మళ్ళీ లేవలేదు. ఒకనాడు ఆయన ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. "అలా ఎందుకు చెప్పావక్కా?"

"అంతమందిలో నువ్వు తల దించుకుంటే చూడగలనట్రా?" అంది. చలికాలం దాటకముందే పోయింది.

ఇప్పుడు ఎవరొచ్చినా ఆయన ముందు మెరకకే వదులుతున్నాడు. ప్రెసిడెంటు నిప్పులు చెరుగుతున్నాడు, చెరగనీ. మా ఆయన్ని కడిగెయ్యడానికి నా దగ్గరా చాలా మాటలే ఉన్నాయి. ఆ మొహం చూస్తే ఒక్కటీ పైకి రాదు.

మొన్న ఆ దూరపు ఊరామె ఫోను చేసింది. పక్కనున్న నాకూ వినబడింది.

"అన్నా, మా చివరింటికి నీళ్ళెక్కాయి. మావాళ్ళెవరూ నమ్మలేదన్నా. అక్కడి చివరింటి పెద్దావిడే చెప్పింది, ఆవిడ పట్టిన నీళ్ళు నేను తాగొచ్చాను అని పోట్లాడి సాధించాను. ఆవిడకి చెప్తారా?"

"చెప్తానమ్మా" అన్నాడు. అటువైపు ఆమె పెట్టేశాక కూడా ఫోను చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాడు.