పదకొండు పేజీల ఇంగ్లీషు

చందన తిరుత్తణిలోని ఒక కళాశాలలో మూడేళ్లు ఆంగ్ల సాహిత్యం చదివింది. ఒక్క నవలనూ చదవలేదు. అందులో ఆమె తప్పెంతో, చదువు చెప్పినవారి తప్పెంతో విడదీయడం కష్టం. ప్రతి నవలకూ నాలుగు పేజీల సారాంశం జిరాక్సు అంగడిలో దొరికేది. అధ్యాపకురాలు దాన్నే చదివి, తమిళంలో అర్థం చెప్పి, "ఇంతకు మించి రాస్తే దిద్దేవాళ్లకు ఓపిక ఉండదు" అనేవారు. మొదటి ఏడాది చందన గ్రంథాలయం నుంచి ఒక నవల తెచ్చుకుంటే, స్నేహితురాలు దీపిక పకపకా నవ్వింది.

"కథ నాలుగు పేజీల్లో తెలిసిపోయినాక నాలుగొందల పేజీలు మోసుకోని యాడికే పొయ్యేది?"

చందన కూడా నవ్వి, మరునాడే పుస్తకం తిరిగి ఇచ్చేసింది. అన్ని పరీక్షల్లోనూ మొదటి తరగతి మార్కులు వచ్చాయి.

ఆ మార్కులను కనకమ్మ సత్రం ఊళ్లో ఇంటింటా చాటింది మేనత్త సరసమ్మ. భర్త పోయాక ఎకరన్నర మల్లెతోటనూ, దాని మధ్యనున్న బావినీ నమ్ముకొని బతుకుతున్న మనిషి. తన పేరును తమిళ అక్షరాల్లో గీయడం తప్ప ఆమెకు చదువు రాదు. తిరువళ్లూరు అంగడికి పూలమూట తీసుకుపోయే బస్సులో పక్కన ఎవరు కూర్చున్నా, "మా అన్న కూతురు ఇంగ్లీషులోనే బీఏ" అని చెప్పేది.

పోయిన కార్తీకంలో గోదాములు కట్టే ఒక సంస్థ తరఫున తణికైవేల్ అనే మధ్యవర్తి వచ్చాడు. తోటలోంచి లారీలకు దారి కావాలన్నాడు.

"రెండేండ్లేక్కా. పని ముగిస్తే మీ నేల మీకే. సుమ్మా, ఊరికే ఒక సంతకం," అంటూ పదకొండు పేజీల పత్రం ముందుంచాడు. అంతా ఇంగ్లీషు.

"మా చందన చదవనీ. అది సరే అంటేనే," అంది సరసమ్మ.

పంచలో ఇరుగుపొరుగు చేరారు. చందన చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీలో వాక్యం సగం పేజీ దాకా సాగింది. అది ముగిసేలోపే దాని మొదలు మరుపున పడింది. రెండో పేజీలో మాటలన్నీ తెలిసినవే, చెప్పేదేమిటో తెలియలేదు. నాలుగో పేజీ నుంచి ఆమె కళ్లు మాత్రమే కదిలాయి. 'నాకు అర్థం కాలేదు, వకీలుకు చూపిద్దాం' అన్న మాట గొంతు దాకా వచ్చింది.

"ఏమ్మా, పరీక్ష రాస్తావుండావా?" అని నవ్వాడు తణికైవేల్.

"తొందర పెట్టద్దు నైనా, అది కాలేజీ ఫస్టు," అని పక్కింటి పొన్నమ్మ కసిరింది.

చివరి పేజీలో 'రెండు సంవత్సరాలు' అన్నది కనబడింది. చందన దాన్నే పట్టుకుంది.

"రెండేండ్లకు దారి ఇస్తావుండావు అత్తా. అంతే."

సరసమ్మ సంతకం చేసింది. వారంలో రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది.

ఆ రెండేళ్లు గోదాము కట్టడానికి సంస్థ పెట్టుకున్న గడువు. దారి శాశ్వతం, బావి మీద హక్కూ శాశ్వతం. ఏ దాపరికమూ లేకుండా ఏడో పేజీలో రాసి ఉంది. చిత్తిరై నెల ఎండల్లో బావి చుట్టూ కంచె లేచినప్పుడు గాని ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. చదువు రాని మనిషి చేత తెలియని భాషలోని పత్రం మీద సంతకం పెట్టించుకోవడం ఈ దేశంలో నేరం కాదు. ఒక భాషలో డిగ్రీ పట్టా చేతికిచ్చి, ఆ భాష చదవడం నేర్పకపోవడమూ నేరం కాదు.

తిరుత్తణి కోర్టు ఎదుటి మేడగదిలో వకీలు నందకుమార్, సరసమ్మా చందనా తెచ్చిన పత్రమంతా చదివాడు.

"ఒక దారి ఉందక్కా. మీకు చదివి చెప్పినోళ్లు, నాకు అర్థం కాలేదు, తప్పుగా చెప్పినాను అని అఫిడవిట్ ఇయ్యాల. ఎదుటి వకీలు బోనులో నిలబెట్టి పరువు తీస్తాడు. ఓర్చుకోవాల. ఎవరు చదివింది?"

"నేనే సార్," అంది చందన. తిరునిన్రవూరులోని ఒక పాఠశాలలో ఇంగ్లీషు టీచరుగా జూన్‌లో చేరమన్న ఉత్తర్వు ఆమె సంచిలోనే ఉంది.

"ఆ పొద్దు అర్థమైందా నీకు?"

చందన నోరు తెరిచేలోపే సరసమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"పాప బాగానే చెప్పినాది సార్. ఏడో పేజీ కూడా చెప్పినాది. నేనే చెవిన ఏసుకోలేదు."

"అట్లయితే కేసే లేదక్కా."

"లేకుంటే పాయె. ఇంగ్లీషు టీచరుకు ఇంగ్లీషు రాదని కోర్టులో రాసిపెడితే, రేపు దానికి పని ఎవరిస్తారు?"

నందకుమార్ చందన వైపు తిరిగాడు. "ఎవురు అబద్ధం చెప్తావుండారో తెలస్తానే ఉంది. నువ్వు చెప్పమ్మా. నీ మాట మీదనే ఉంది ఆ బావి."

నీళ్లు లేక తోట ఎండబట్టి ఇరవై రోజులు. చందన అత్త మొహం చూడలేదు.

"అత్త చెప్పిందే నిజం సార్. నేను సరిగ్గానే చదివినాను."

వకీలు పత్రం మడిచి తిరిగి ఇచ్చేశాడు.

జూన్ మొదటి వారంలో చందన ఉద్యోగంలో చేరింది. ఆడి నెలలో సరసమ్మ మల్లెపొదలను తానే పెరికి, పొయ్యిలోకి కట్టెలుగా పోగేసింది. తోటకేమైందని ఎవరైనా అడిగితే, చీడ పట్టిందని చెప్పింది.