సూది కనిపిస్తే చెయ్యి చాపే భీమప్ప కాక

తాండూరులో మా పక్కింటి భీమప్ప కాకకు రక్తపరీక్షల పిచ్చి. మా వాడకట్టులో ఏ ఇంటివాళ్లు ల్యాబుకు బయలుదేరినా, బండల పాలిష్ మిషన్ ఆపేసి, ఒంటి నిండా తెల్లదుమ్ముతోనే వాళ్ల వెంట పడతాడు. అక్కడికి పోయాక అందరికంటే ముందు తనే చెయ్యి చాపుతాడు.

"నిన్ననే తీసిన గద కాకా!" అంటుంది ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే నాగరాణి.

"నిన్నటిది నిన్ననే పాయె. ఇయ్యాల కొత్త రక్తం ఊరింది, తియ్యి."

ఆయన భార్య కాశమ్మ తల కొట్టుకుంటుంది. "షుగరయింది, థైరాయిడయింది. ఇగ కడుపుతోటి ఉన్నడా లేడా, గదొక్కటే చూపియ్యాలె!"

మొన్న వానాకాలంలో మా ఆరేళ్ల ప్రణవికి కడుపునొప్పి వచ్చింది. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగింది. వాంతి కూడా చేసుకుంది. ఆసుపత్రికి ఆటో తెప్పిస్తే, మాకంటే ముందే కాక అందులో కూర్చుని ఉన్నాడు. అక్కడ సూదికి మొదటి చెయ్యి ఆయనదే, రెండోది ప్రణవిది.

ప్రణవి రిపోర్టులో తెల్ల రక్తకణాలు మామూలుగానే ఉన్నాయి. కెమిస్ట్రీ చదివినదాన్ని కదా, అంకె చూడగానే ప్రాణం లేచి వచ్చింది. "ఇంటికి పోవచ్చా సార్?"

"అపెండిసైటిస్ అనుమానం ఇంకా తీరలేదమ్మా. మొదట్లో కణాలు పెరగకపోవచ్చు. కడుపు చూస్తూ ఉందాం. సాయంత్రం మళ్లీ రక్తం తీద్దాం," అన్నాడు డాక్టర్.

సాయంత్రం సూది చూడగానే ప్రణవి చేతులు వెనక దాచుకుంది. "నొప్పి పోయింది మమ్మీ." మోకాళ్లు కడుపులోకి ముడుచుకునే అంది. నమ్మేయాలని నాకెంత ఆశ!

కాక ముఖం పాలిపోయింది. "మా పరమేశ్ గూడ గట్లనే అన్నడు బిడ్డా. సూదికి భయపడి నొప్పి లేదన్నడు. నేను నమ్మిన. లోపల పగిలినంక తెలిసింది. రెండో తరగతి సదువుతుండె."

ఇన్నేళ్లుగా పక్కింట్లో ఉంటున్నా, వాళ్లకొక కొడుకు ఉండేవాడని నాకు తెలియదు.

"మీరు గమనించలే గని, పిల్లలు వచ్చినప్పుడే వస్తడక్కా," అంది నాగరాణి నా చెవిలో. "సూదంటే ఆయనకే గుండెదడ."

కాక అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడిచి చాపాడు. ఆ చెయ్యి వణకడం ప్రణవి చూసింది.

"తాతా, భయమైతుందా?"

"మస్తు భయమైతుంది బిడ్డా."

"అయితే కండ్లు మూస్కో. ముందు నాది తియ్యమంట."

ఒక అరచేత్తో ఆయన కళ్లు మూసి, రెండో చెయ్యి తనే చాపింది. ఆ చిన్న వేళ్ల కిందనుంచి ఆయన చెంపల మీదికి నీళ్లు జారాయి.

ఈసారి కణాలు పెరిగాయి. కడుపు మీద చెయ్యి వేస్తే పిల్ల కేకలు పెట్టింది. స్కానింగ్‌లోనూ అపెండిసైటిస్ అనే తేలడంతో వికారాబాద్ తీసుకుపోయాం. అక్కడ పగలకముందే ఆపరేషన్ చేసి తీసేశారు.

మత్తు దిగాక ప్రణవి కళ్లు తెరిచి, మంచం పక్కన నిలబడ్డ కాకను చూసింది.

"తాతా, నీది తియ్యలేదు గద?"

"తియ్యలేదు బిడ్డా. ఇగ అక్కర్లేదు," అని కాక ఒకసారి నర్సు వైపు చూసి, చొక్కా చేతులు రెండూ మెల్లగా మణికట్టు దాకా దించుకున్నాడు.